ఆ కుడికాలు

లాకర్ తలుపు లోపలివైపు ఒక ఫోటో అతికించి ఉంది. పేపర్లోంచి కత్తిరించింది. రోజూ ప్రాక్టీసుకు ముందు మేకు ఆ తలుపు తెరిచేది. బూటు తీసి, మడమతో ఆ ఫోటోను ఫట్‌మని ఒక్కటి కొట్టేది. ఆ తర్వాతే లేసులు కట్టుకునేది.

మేకు అంటే అసలు పేరేం కాదు. కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో ఆమె డిఫెండర్. ఎవరికి కాపలా పెడితే వాళ్ళకు దిగబడిపోతుందని తోటివాళ్ళు పెట్టిన పేరు.

ఫోటోలో మొహం కనిపించదు. వర్షం. బురదలో చొక్కా రంగు కూడా తెలియని ఒక వీపు. గాల్లోకి లేచిన కుడికాలు. వలలో బంతి. పోయినేడు ఫైనల్లో ఆఖరి నిమిషం అది. చేతిదాకా వచ్చిన కప్పు ఆ ఒక్క గోలుతో జారిపోయింది.

"ఎవరక్కా అది?" అని అడిగింది జట్టులోకి కొత్తగా వచ్చిన పిల్ల.

గోల్‌కీపర్ పొడుగమ్మ ఆ పిల్ల జబ్బ గిల్లింది. "నోర్మూసుకుని పద. పొద్దున్నే కందిరీగల తుట్టె కదపకు."

మైదానంలోకి నడుస్తూ పొడుగమ్మే మళ్ళీ ఎత్తింది. "గోలు తిన్నది నేను. నేనే ఎప్పుడో మర్చిపోయాను. నీకెందుకే ఇంకా అంత కక్ష?"

"నీది వెన్నలాంటి మనసు. నాది కాదు. ఆ కాలు పొగరు అణచందే నాకు నిద్రపట్టదు."

అన్నంత పనీ చేసింది. ఆ సీజన్లో మేకు ఆడిన ఆట చూసి అవతలి జట్లకు చెమటలు పట్టాయి. మూడో మ్యాచ్‌లో ఒక ఫార్వర్డ్ ఏడుస్తూ బయటికి వెళ్ళిపోయింది. ఆరో మ్యాచ్‌లో ఇంకొకతె, "ఇది మనిషా, జలగా?" అని రిఫరీకి ఫిర్యాదు చేసింది. పది మ్యాచ్‌లకు కలిపి పొడుగమ్మ వెనక వలలో పడ్డవి నాలుగంటే నాలుగే గోల్స్.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక జిమ్ వెనక గోడకేసి మూడువందల సార్లు బంతి తన్నేది. అన్నీ ఎడంకాలితోనే. గోళ్ళు ఊడొచ్చినా ఆపలేదు. "దాని కుడికాలికి నా ఎడంకాలే జవాబు చెప్పాలి" అనేది.

ఎవరూ అడక్కుండానే జట్టు మేజోళ్ళన్నీ తనే ఉతికేది. బండకేసి ఠపీఠపీమని బాదేది. "ఎందుకే నీకీ చాకిరీ?" అని పొడుగమ్మ అడిగితే, "బకెట్లోకి వంగినప్పుడల్లా దాని మొహమే కనిపిస్తోంది. బాదితే కాస్త కసి తీరుతోంది" అంది.

ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే అమ్మ, పని మధ్యలో ఫోన్ చేసేది.

"ఇంకా ఆ పిల్లని ఆడిపోసుకుంటూనే ఉన్నావా? ఇంత పగ పనికిరాదే. అదీ ఒక తల్లి కన్న బిడ్డే కదా!"

"ఆ తల్లినే అనాలి ముందు. ఎందుకూ పనికిరానిదాన్ని కని లోకం మీదికి వదిలింది."

అమ్మ, "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగి పెట్టేసింది.

ఫైనల్ రానే వచ్చింది. అదే మైదానం, పోయినేడు కప్పు ఎత్తుకుపోయిన అదే జట్టు. దేవుడికి కూడా తమాషా చూడాలనిపించిందేమో, పొద్దున్నుంచీ వర్షం.

మేకు లాకర్ మీది ఫోటో ఊడబెరికి, మడిచి, మేజోడులో దోపుకుంది. కోచ్ మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

"మేడమ్, ఇవాళ దాన్ని నాకొదిలెయ్యండి."

కోచ్ మేడమ్ విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ ఆమె వంక చూసింది. "ఏడాదినుంచీ నీకే వదిలేశాను కదమ్మా. ఇవాళ్టితో తేల్చేసుకో. ఆ తర్వాతైనా దాన్ని బతకనీ."

డెబ్బయ్యో నిమిషంలో తమ జట్టు ఒక గోలు కొట్టింది. ఇక నిలబెట్టుకోవడమే మిగిలింది. గుండెలు అరచేతుల్లో పెట్టుకుని ఆడారు.

ఆఖరి నిమిషం. అవతలి కెప్టెన్ అంచు వెంబడి దూసుకొచ్చి బంతిని గోలు ముందుకు తన్నింది. తడినేల మీద నేలబారుగా, జరజరా వచ్చింది బంతి. అచ్చం పోయినేటిలాగే. పొడుగమ్మ అప్పటికే ఎదురు దూకి బురదలో బోర్లా పడి ఉంది. వెనక ఖాళీ వల.

ఆ కుడికాలు లేవబోయింది.

మేకు దానికి సందు ఇవ్వలేదు. ఎడంకాలు ముందుకు వేసి, ఏడాది కసినంతా కూడగట్టి, బంతిని ఎక్కడో గ్యాలరీ మెట్ల మీద పడేలా తన్నింది.

విజిల్ మోగింది. పొడుగమ్మ వచ్చి మీద పడింది, ఆమె మీద మిగతావాళ్ళు. గ్యాలరీలో అమ్మ చెంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మేకు ఆ గుట్ట కిందనుంచి ఎలాగో బయటపడి, మేజోడులోని ఫోటో తీసి బురదలో వేసి, కసిదీరా తొక్కింది. పగ తీరింది. హమ్మయ్య, ఎన్నాళ్ళకు ప్రాణం తేలికపడింది!

ఆనవాయితీ ప్రకారం రెండు జట్లూ వరుసగా నిలబడి చేతులు కలుపుకున్నాయి. అవతలి కెప్టెన్ మేకు దగ్గరికి వచ్చి ఆగింది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"పోయినేడు మీ గోల్లోకి నువ్వే తన్ని కప్పు తెచ్చి మా చేతిలో పెట్టావు, ఈసారి మేమేం పాపం చేశాం తల్లీ?"