కప్పలు దాటే చోటు

ఆ రోజు జూన్ పద్దెనిమిది. టీచరమ్మకు ఆ తేదీ ఇప్పటికీ గుర్తే. ఆ సాయంత్రం ఆగిపోయిన బస్సులో కూర్చుని, డ్రైవరు ఇచ్చిన అరటిపండు తిన్నది.

తొలకరి వాన. చెరువు మలుపు దగ్గర బస్సు రోడ్డుకు అడ్డంగా తిరిగి మొరాయించింది.

"మళ్ళీనా!" అన్నారు ప్రయాణికులంతా ఒక్క గొంతుతో.

"వాన పడితే దీనికి జలుబు చేస్తుందండీ. కాస్త ఓపిక పట్టండి. ఎవరూ దిగకండి, కిందంతా బురద," అన్నాడు డ్రైవరు.

ఆయనకు పిల్లలు పెట్టిన పేరు మొరాయింపు తాత.

"తాతా, నీ బస్సుకు పెన్షన్ ఇచ్చి పంపించెయ్యరాదూ?" అంది రెండు జడల పిల్ల.

"ముందు నాకు రానీ తల్లీ, తర్వాత దానికి!"

సంచిలో ఉన్న అరటిపండ్లు పిల్లల చేతుల్లో పెట్టాడు. టీచరమ్మకూ ఒకటి ఇచ్చి, టార్చిలైటు పట్టుకుని వానలోకి దిగాడు.

అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. బయట ఏమీ కనబడటం లేదు. ముందూ వెనకా నిలిచిపోయిన బళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పెడుతున్నాయి. టార్చి వెలుగు ఒక్కటే రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతోంది.

"జబ్బు ఇంజిన్‌కైతే రోడ్డు మీద ఏం వెతుకుతాడయ్యా?" అని ఎవరో విసుక్కున్నారు.

"ఊడిన బోల్టు దొరుకుతుందేమోనని!"

బస్సంతా నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వింది.

చాలాసేపటికి తడిసి ముద్దయి వచ్చాడు. తాళం తిప్పగానే బస్సు బుద్ధిగా కదిలింది.

ఆ మలుపులోనే టీచరమ్మ బడి పిల్లలు పాతిన బోర్డు ఉంది. 'కప్పలు దాటే చోటు. దయచేసి ఆగండి.'

ఏటా తొలి వానలకు పొలాల్లోని కప్పలు గుడ్లు పెట్టడానికి రోడ్డు దాటి చెరువులోకి వెళ్తాయి. ఒక ఏడు అవి చక్రాల కింద నలిగిపోవడం చూసి పిల్లలు అన్నం ముట్టలేదు. ఆ ఏడే టీచరమ్మ వాళ్ళ చేతికి రంగులూ కుంచెలూ ఇచ్చింది.

బోర్డు పెట్టాక, వాన పడిన మర్నాడల్లా పిల్లలు మలుపు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. ఒక్క కప్ప కూడా నలిగి ఉండేది కాదు.

"మన మాట విని అందరూ ఆగుతున్నారు టీచర్!"

ఆ ధైర్యంతోనే చెరువులో చెత్త పోసే పెద్దవాళ్ళకు ఎదురు నిలిచారు. గట్టు మీద మొక్కలు నాటారు. నీళ్ళలోంచి ప్లాస్టిక్ సంచులు ఏరారు. బడికి బహుమతి కూడా వచ్చింది.

కానీ వాన రోజుల్లో పిల్లలు ఇంటికి చేరేసరికి పొద్దుపోతోందని తల్లులు గోల పెట్టారు. ఆ రాత్రే, అరటిపండు తీపి నాలుక మీద ఉండగానే, టీచరమ్మ డిపోకు ఫిర్యాదు రాసింది. డొక్కు బస్సు, చేతకాని డ్రైవరు అని.

ఆ వానాకాలం ముగిశాక మొరాయింపు తాతను బస్సు దించి డిపో గేటు దగ్గర కాపలాకు కూర్చోబెట్టారు.

ఆ చలికాలంలోనే ఆయన పోయాడని కండక్టరమ్మ ఒకరోజు టికెట్టు కొడుతూ చెప్పింది.

"అయ్యో పాపం," అని టీచరమ్మ పర్సులో చిల్లర వెతుక్కుంది.

మళ్ళీ తొలకరి వచ్చింది. కొత్త డ్రైవరు కుర్రవాడు, చురుకైనవాడు. బస్సు మలుపులో ఎక్కడా ఆగకుండా దూసుకుపోయింది. పిల్లలు వేళకు ఇల్లు చేరారు. తల్లులు సంతోషించారు.

తెల్లవారి పిల్లలు టీచరమ్మతో కలిసి మలుపు దగ్గరికి వెళ్ళారు. రోడ్డు నిండా కప్పలే. ఒక్కటీ కదలడం లేదు.

"బోర్డు చెరిగిపోయిందా టీచర్?" అన్నాడు అందరిలోకీ చిన్నవాడు.

అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి.

"మరెందుకు ఆగలేదు?"

రెండు జడల పిల్ల చేతిగుడ్డతో కళ్ళు తుడుచుకుని, దానితోనే బోర్డు మీద పడిన బురదచుక్కలు తుడిచింది.

ఆ సాయంత్రం టీచరమ్మ తన ఊరి దగ్గర దిగలేదు. డిపో దాకా వెళ్ళింది. అందరూ దిగిపోయాక, బస్సు ఊడుస్తున్న కండక్టరమ్మ పక్కన నిలబడింది.

"ఒక్క మాట. తాత ఉన్నప్పుడు బస్సు ఇంకెక్కడైనా ఆగిపోయేదా?"

"లేదమ్మా. ఆ మలుపులోనే."

"ఇంజిన్‌లో ఏమిటి లోపం?"

కండక్టరమ్మ చీపురు పక్కన పెట్టింది.

"దానికేం రోగం? గుండ్రాయి! ఇప్పుడు మీరెక్కి వచ్చిందీ ఆ బస్సే."

టీచరమ్మ చేయి సీటు కడ్డీని పట్టుకుంది.

"మరి ఆ టార్చిలైటు..."

"నెమ్మదిగా కదిలేవాటిని దోసిట్లో పెట్టుకుని అవతలికి దాటించేవాడు. మిగతావి వాటంతటవే దాటేదాకా బస్సు తీసేవాడు కాదు."

"నేను ఫిర్యాదు రాసినప్పుడైనా చెప్పి ఉండొచ్చుగా?"

"చెప్పబోయాను. ఆయనే నా నోరు నొక్కేశాడు. 'వద్దమ్మాయ్, మాట పడితే నేను పడతాను. తమ మాట నలుగురూ వింటున్నారనే పిల్లలు అనుకోనీ. రేపు ఇంకో మంచిపనికి పూనుకుంటారు' అన్నాడు."

ఇద్దరూ కిందికి దిగారు. డిపోలో దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి.

"ఆ బోర్డు చదవనివాళ్ళు ఈ దారిలో లేరు టీచరమ్మా, చదివి ఆగింది మాత్రం ఆయనొక్కడే," అంటూ కండక్టరమ్మ, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, బస్సు తలుపు మెల్లగా మూసింది.