ఎదురుదెబ్బ

“కొట్టవేం టీచరమ్మా? వాడు గడ్డం కాచుకోకుండా వదిలేశాడు కదా” అన్నాడు బాక్సింగ్ కోచ్.

టీచరమ్మ కొట్టలేదు. ఎడమకాలు ముందుకేసి, గడ్డం ఛాతీకి ఆనించి, రెండు గ్లౌజులూ చెంపలకు అదిమి నిలబడింది. ఎదుటివాడు విసిరిన గుద్దు ఆమె చెవి పక్కనుంచి గాలికి పోయింది. వాడు తూలితే, పడిపోతాడేమోనని భుజం అడ్డుపెట్టి ఆమే నిలబెట్టింది.

కోచ్‌కి ఒళ్ళు మండింది. చేరిన రోజునుంచీ ఇదే వరస. గుద్దడం వద్దట. తప్పుకోవడం, కాచుకోవడం నేర్పితే చాలట. ఎంతసేపూ కాచుకుంటూ కూర్చుంటే పోటీలో గెలవలేవని నెత్తీ నోరూ బాదుకున్నా గోడకి చెప్పినట్టే. నాకు పోటీలెందుకండీ అని, మళ్ళీ మొదటినుంచి కాళ్ళు సర్దుకునేది. ఊపిరి అందకపోయినా చేతులు మాత్రం కిందికి దించేది కాదు.

ఆట అయ్యాక గ్లౌజులు విప్పుతుంటే ఆమె ముంజేతుల మీద కమిలిన మచ్చలు కనిపించాయి. అవి ఈ బరిలో తగిలినవి కావు.

“ఇంట్లోనా?” అన్నాడు కోచ్ గొంతు తగ్గించి.

ఆమె తలదించుకుంది. “మనిషి చెడ్డవాడు కాదు సార్. తిరిగి కొట్టలేను.”

దెబ్బలు తినే ఆడవాళ్ళందరూ చెప్పే మాటే అనుకున్నాడు కోచ్. ఆమె వద్దని బతిమాలుతున్నా వినకుండా వెంట బయల్దేరాడు. వాడెవడో ఇవాళ తేలిపోవాలి. దారంతా పళ్ళు నూరుతూనే ఉన్నాడు.

తలుపు ఆమె భర్తే తీశాడు. కోచ్ ఎత్తిన పిడికిలి ఎత్తినట్టే ఆగిపోయింది. ఆ మనిషికి ఒక కన్ను వాచి మూసుకుపోయింది. పెదవి చిట్లింది. తడిసిన చొక్కాతో నీరసంగా గోడకి ఆనుకున్నాడు.

“ఇవాళ నన్ను కూడా గుర్తుపట్టలేదు. నావల్ల కాలేదు, నువ్వే చూడు” అన్నాడు భార్యతో.

లోపలి గదిలో ఏదో భళ్ళున పగిలింది.

ఆమె చెప్పులు విడిచింది. ఎడమకాలు ముందుకేసి, గడ్డం దించి, రెండు చేతులూ చెంపలకు ఎత్తుకుని, భుజంతో గది తలుపు తోసింది.

“నేనే నాన్నా, నీ కూతుర్ని. నీళ్ళు చల్లారిపోతున్నాయి, రా, స్నానం చేద్దువుగాని.”