రెండో వైపు, మూడో పాటకు ముందు

"జనం గోలంతా శుభ్రంగా తీసేశారట మామయ్యగారూ!" అంటూ అల్లుడు అట్టపెట్టె విప్పాడు.

మామగారు కంగారుగా కుర్చీలోంచి లేచాడు.

ఆయనకు కళ్లజోళ్ల షాపుంది. అయితే వీధిలో ఆయనకున్న పేరు మాత్రం 'ఈల బాబాయ్'. ఆయన కుర్రతనంలో ఓ పెద్ద హార్డ్ రాక్ బ్యాండు ఈ ఊరి స్టేడియంలో వాయించింది. ఆ కచేరీనే ఆల్బమ్‌గా వేశారు. అందులో రెండో వైపు, మూడో పాటకు ముందు, జనంలోంచి ఓ ఈల లేస్తుంది. రెండు మెట్లు పైకెక్కి, చివర్లో పుటుక్కున విరుగుతుంది. అది తనదేనని ఆయన చెప్పని మనిషి లేడు. చూపు పరీక్షకు వచ్చినవాళ్లు అద్దాలు మార్చే లోపు ఈ కథ వినాల్సిందే.

"నాకు పాట రాదు, తాళం అంతకన్నా రాదు. అయినా ఆల్బమ్‌లో ఉన్నాను. అదీ మన ఘనత!" అని ముందు తనే నవ్వేసేవాడు, ఎదుటివాళ్లకు ఆ అవకాశం ఇవ్వకుండా.

ఇప్పుడా బ్యాండు పాత ఆల్బమ్‌లన్నీ దుమ్ము దులిపి, మెరుగుపెట్టి, మళ్లీ విడుదల చేసింది. రికార్డింగ్ స్టూడియోలో పనిచేసే అల్లుడు మామగారి ముచ్చట తెలిసి, ఓ సెట్టు కొనుక్కొచ్చాడు. తన స్పీకర్లు కూడా మోసుకొచ్చాడు. ఎందుకంటే ఆ ఇంట్లో పాత స్పీకర్లలో ఒకటే పలుకుతుంది. రెండోదాని మీద ఎన్నాళ్లుగానో పూలకుండీ ఉంటోంది.

"శుభ్రం చేయడమంటే... మరీ ఈలలు కూడా తుడిచేస్తారంటావా?" మామగారు అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"విందాం ఉండండి. అత్తయ్యగారూ, మీరూ రండి! ఆ కచేరీకి మీరు వెళ్లలేదా?"

"నేనా? మా నాన్నకి తెలిస్తే ఇంకేమైనా ఉందా!" అంది ఆవిడ టీ కప్పులు సర్దుతూ.

ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సు. పొద్దస్తమానం 'గొడవ చేయకండి' అని చెప్పడమే ఉద్యోగం. ఇంట్లో ఈ రికార్డు పెట్టినప్పుడల్లా, సరిగ్గా ఆ ఈల దగ్గరికొచ్చేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోతుంది. పాపం, ఆ గోల పడదు కాబోలని ఆయన ఏనాడూ బలవంతపెట్టలేదు. పెళ్లికి ముందు మొదటిసారి కలిసినప్పుడు ఆయన చెప్పిందీ ఈ కథే. అప్పుడూ అలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎంత సిగ్గరో అని మురిసిపోయాడాయన.

రికార్డు తిరిగింది. రెండో పాట ముగిసింది. మామగారు స్పీకరు దగ్గరికి వంగాడు.

ఈల లేచింది! చుట్టూ గోల తగ్గడంతో కడిగిన అద్దంలా, ముందుకన్నా స్పష్టంగా. దాని వెనకే, పాత రికార్డులో ఎప్పుడూ వినపడని నవ్వొకటి, ఎవరో అమ్మాయిది.

"విన్నావా! నా ఈలకి ఎవరో పడిపోయింది కూడా!" అని ఎగిరి గంతేసి, అంతలోనే భార్య వైపు భయంగా చూశాడు. "నాకేం తెలీదు, ఎవరో పక్కనున్న పిల్ల."

"ఎవరైతే ఏంలెండి," అంది ఆవిడ.

అల్లుడు మాత్రం నవ్వలేదు. ముల్లు వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు.

"మామయ్యగారూ, మీరెక్కడ నిలబడ్డానన్నారు?"

"స్టేజీకి కుడిపక్క. స్పీకరు కిందే. వారం రోజులు ఈ చెవి గుయ్యిమంటూనే ఉంది."

"ఈల ఎడమ చివర్నుంచి వస్తోందండీ."

"స్టేజీ మీంచి చూస్తే కుడి ఎడమవుతుంది కదోయ్!"

"జనం వైపు నుంచే రికార్డు చేశారండీ. అట్ట మీద అలాగని అచ్చేశారు." అల్లుడు ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "పోనీ, ఒక్కసారి వేసి చూపిస్తారా?"

మామగారు రెండు వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు పూరీల్లా పొంగాయి. గాలి మాత్రం తుస్సుమంది.

"ముందు పన్ను పోయింది కదోయ్," అన్నాడు. వేళ్లు తుడుచుకుంటూ, "అది ఉన్నప్పుడూ ఇంతేలే," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"నేనూ వేశాను అల్లుడూ, ఒట్టు. అందరూ వేశారు. రికార్డులో ఒకటే వినపడితే నాదే అనుకున్నాను. ఇన్నేళ్లూ ఎవడి ఈలనో నెత్తిన పెట్టుకుని ఊరేగానన్నమాట."

"చాల్లెండి, ఆపండి బాబూ దాన్ని. టీ చల్లారిపోయింది, వెచ్చబెట్టుకొస్తాను," అని ఆవిడ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది.

అల్లుడు ముల్లు ఎత్తేశాడు.

"వీధికి ఏదో ఒకటి చెప్పుకుంటానోయ్," మామగారు గొంతు తగ్గించి అన్నాడు. "కానీ మీ అత్తయ్య ఈ ఈల కథ వినే నన్ను ఒప్పుకుంది. నా దగ్గర అప్పట్లో చెప్పుకోడానికి ఇంకేం లేదు. ఇప్పుడావిడ మొహం ఎలా చూడను?"

అల్లుడు రికార్డును తీసి అట్టలోకి దోపాడు.

అప్పుడు వంటింట్లోంచి ఓ ఈల లేచింది, రెండు మెట్లు పైకెక్కి, చివర్లో పుటుక్కున విరిగింది.