పక్కన ఉంచాలా, తుడిచేయాలా

“మళ్ళీ ఆ డబ్బా ముందేనా?”

గుమ్మంలోంచి అడిగింది ఆమె. భర్త తల కూడా తిప్పలేదు. అయిదేళ్ళుగా అటక మీద పడున్న పాత కంప్యూటర్‌ని కిందికి దింపి, మూడు ఆదివారాలుగా దానితోనే కాపురం చేస్తున్నాడు.

“పాత సిస్టమ్ లేవడం లేదని మీ అన్నయ్య పెన్‌డ్రైవ్‌లో లినక్స్ అని ఇంకో సిస్టమ్ వేసిచ్చాడు. కొత్తవాళ్ళకి తేలికట. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిపి చూడొచ్చు. ఇటు చూడు, లోపలి ఫైళ్ళన్నీ కనిపిస్తున్నాయి!”

ఆమెకూ కనిపించాయి. తెర మీద అతని మొదటి భార్య నవ్వుతోంది. పోయి అయిదేళ్ళయినా నవ్వు మాత్రం అలాగే ఉంది. తను కళ్ళజోళ్ళ దుకాణంలో లెన్సులు బిగించే మనిషి కావడంతో, గుమ్మంలోంచే ఆ సొట్టబుగ్గ ఆనవాలు పట్టేసింది. ఒళ్ళు మండిపోయింది.

“రా, కూర్చో. నీకొకటి చూపించాలి. ఈ ప్రింటర్ ఒక్కటే మాట వినడం లేదు.”

“ఎందుకు, ఆవిడ ఫోటోలు ప్రింట్ తీసి గోడకు తగిలిస్తారా?”

“ఆవిడేమిటి? అక్క అనొచ్చుగా.”

“నాకు అక్కలెవరూ లేరు.”

ఈ ఇంటికి వచ్చి ఏడాదయింది. మొదటి నెలలోనే వంటింటి డబ్బాల మీద ఆవిడ దస్తూరీతో ఉన్న చీటీలన్నీ గీకి పారేసింది. ఫలితంగా వారం రోజులు టీలో ఉప్పు పడింది. అయినా పంతం వదల్లేదు. కర్టెన్లు మార్చింది, మంచం తిప్పించింది. ఇక మిగిలింది ఈ డబ్బా ఒక్కటే. పోయిన మనిషి మీద అసూయేమిటని తనను తనే తిట్టుకుంది కూడా. కానీ బతికున్న మనిషైతే ఎదురుపడి పోట్లాడొచ్చు. ఈవిడతో ఎలా వేగాలి?

“ప్రింటర్ వైరు పోయినట్టుంది. మార్పించుకొస్తా,” అని భర్త చెప్పులేసుకున్నాడు.

వీధి గేటు మూసుకోగానే ఆమె మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ల షాపు నడిపే అన్నకి ఫోన్ చేసింది.

“అన్నయ్యా, ఇది పూర్తిగా ఎక్కించాలంటే ఎలా?”

“ఏముందమ్మా, తెర మీద ఇన్‌స్టాల్ అని ఉంటుంది, నొక్కు. మధ్యలో ఒకటి అడుగుతుంది. పాతదాన్ని పక్కన ఉంచి ఎక్కాలా, మొత్తం తుడిచేసి ఎక్కాలా అని. అక్కడ మాత్రం బావని అడిగి నొక్కు. తుడిస్తే పాత ఫైళ్ళు మళ్ళీ రావు.”

“అడుగుతాలే.”

అడగలేదు. ఆవిడ పేరుతో ఉన్న ఫోల్డర్ ఒకటి కళ్ళబడింది. తెరిస్తే ఇంకా మండుతుందని తెరవలేదు. ప్రశ్న రానే వచ్చింది. ఆమె వేలు ఒక్క క్షణం ఆగింది. పక్కన ఉంచడమా? ఏడాదిగా పక్కనే ఉంచుకుని వేగుతోందిగా! తుడిచేయమని నొక్కింది.

భర్త వచ్చేసరికి కంప్యూటర్ కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది.

“ఫైళ్ళేవి?” అన్నాడు.

“తుడిచేశాను.” గొంతులో గెలుపు దాచుకోలేకపోయింది.

అతను కూలబడ్డాడు. అరుస్తాడని కాచుకుని నిలబడింది. అరవలేదు.

“ఫోటోలదేముంది, ఆల్బంలో ఉన్నాయి. ఆస్పత్రిలో చేరే ముందు రోజు కూర్చుని ఒక ఉత్తరం టైపు చేసింది. అది ప్రింట్ తీద్దామనే ఈ తిప్పలన్నీ.”

ఆమెకు మళ్ళీ భగ్గుమంది. “ఏం రాసిందేం, అంత ప్రేమగా?”

“నేను చదవలేదు.”

“ఎందుకని?”

అతను కొత్త వైరుని చుట్టచుట్టి బల్ల మీద పెట్టాడు.

“పైన ‘నా తర్వాత ఈ ఇంటికొచ్చే చెల్లికి’ అని ఉంది.”