ఎర్రచీటీ

బ్రిట్టాకు దొంగలన్నా దెయ్యాలన్నా భయం లేదు. ఆమె భయమల్లా ఒక్కటే. నేలమాళిగలో ఉండి ఇంటిని వెచ్చబరిచే ముసలి గ్యాస్ ఫర్నేస్‌లోంచి ఏ వాసనా లేని విషగాలి పైకొచ్చి, పాకుతూ తిరిగే తన కొడుకు ఆక్సెల్‌ను నిద్రలోనే తీసుకుపోతుందేమోనని. అందుకే మంచు కురుస్తున్నా ఫర్నేస్ చూసే మనిషిని ఇంటికి పిలిపించింది.

ఆ మనిషి, డర్క్, ఒంటరిగా కిందికి వెళ్లి చూసొచ్చి, టాబ్లెట్ మీద ఫొటో ఆమె ముఖం ముందు పెట్టాడు.

"చూశారా మేడమ్, ఈ పగులు? దీనిలోంచే విషగాలి ఇంట్లోకి వస్తుంది. గ్యాస్ కట్టేసి ఎర్రచీటీ తగిలించి వచ్చాను. ఇక దాన్ని వెలిగించకూడదు."

బ్రిట్టా కిటికీ వైపు చూపించింది. "వెలిగించకపోతే ఎలాగండీ? బయట సరస్సే గడ్డకట్టుకుపోయింది. చంటిపిల్లాడు!"

"అందుకేగా చెప్పేది. ఫర్నేస్, ఏసీ రెండూ ఒక ఈడువే. ఒకటి పోయిందంటే రెండోది దాని వెనకాలే. రెండూ కలిపి మార్చేయండి. ఇప్పుడు సంతకం పెడితే రేపే బిగిస్తాం."

ఆమె టాబ్లెట్ అందుకోబోయింది. అంతలో నేల మీద కూర్చున్న ఆక్సెల్ కిలకిలా నవ్వాడు. వాడి పక్కన నేలలో ఉన్న ఇనుప జాలీలోంచి ఫర్నేస్ గాలి తన్నుకొచ్చి, వాడి ఎర్రజుట్టు కుచ్చులా పైకి లేచింది. బ్రిట్టా వంగి అక్కడ చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

"గ్యాస్ కట్టేశానన్నారు కదూ?"

"కట్టేశాను."

"మరి ఇదేంటి? మా ఆయన కింద కూర్చుని నోటితో ఊదుతున్నాడా?"

డర్క్ టోపీ సర్దుకున్నాడు. "అంటే... గొట్టాల్లో కొంచెం వేడి మిగిలుంటుంది."

"మిగలడానికి నిన్నటి సూపా? ఇక్కడే ఉండండి."

పిల్లాణ్ణి చంకనేసుకుని దడదడా మెట్లు దిగింది. రెండు వాటాల ఇంటికీ కలిపి ఉన్న నేలమాళిగ అది. మధ్యలో చెక్కగోడ, దానికో తలుపు. గోడకు ఇటువైపు ఆమె ఫర్నేస్ నీలిమంటతో హాయిగా మండుతోంది. ఎర్రచీటీ లేదు, పచ్చచీటీ లేదు. బ్రిట్టాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమయ్యా!" పైకి రాగానే అరిచింది. "మా ఫర్నేస్‌ది ఆకుపచ్చ రంగు. మా ఆయన చేపల పడవకు వెయ్యగా మిగిలింది దీనికి పూశాడు. నీ ఫొటోలో తుప్పుపట్టిన డబ్బా ఎవరిది? ఎన్ని ఇళ్లలో చూపించావు ఆ ఫొటో?"

"ఇప్పుడే తీశాను మేడమ్. ఒట్టు! ఒక్కసారి నాతో కిందికి రండి..."

"నేను రాను, నువ్వూ వెళ్లవు. పిల్లతల్లి కదా, భయపెడితే ఏదైనా కొంటుందనుకున్నావా? పదో తరగతిలో చదువు ఆపేశాను గానీ కళ్లు తెరవడం ఆపలేదు. బూట్లు తొడుక్కో. నడు!"

తలుపు అతని ముక్కు మీదే పడింది.

ఆక్సెల్‌కు టీకా వేయించాల్సిన రోజది. వాణ్ణి కారెక్కించబోతుంటే పక్కవాటా తలుపు తెరుచుకుంది. హిల్కా మామ్మ దుప్పటి కప్పుకుని గుమ్మాన్ని పట్టుకు నిలబడింది.

"ఏంటమ్మాయ్ ఆ కేకలు?"

"దొంగ మామ్మా! బాగున్న ఫర్నేస్‌ని పాడైందంటాడు. తరిమేశాను."

"శభాష్. మా ఆయన ఉంటే పారతో తరిమేవాడు." మామ్మ నవ్వబోయి కణతలు నొక్కుకుంది. "తలనొప్పే చంపేస్తోంది తల్లీ. కడుపులో తిప్పుతోంది. ఇవాళేమో చలి కూడా. అయినా యాలకుల రొట్టె చేశాను, ఆగు తెస్తా."

బ్రిట్టా గబుక్కున పిల్లాడితో వెనక్కి జరిగింది. "వద్దు మామ్మా! ఫ్లూ అయ్యుంటుంది, వీడికి అంటుకుంటుంది. మీరెళ్లి పడుకోండి."

క్లినిక్‌కు వంతెన దాటి పోవాలి. కోపం మాత్రం అంతదాకా ఆగేలా లేదు. కారు కదిలించే ముందే, వీధివాళ్లంతా చూసుకునే ఫేస్‌బుక్ పేజీలో బ్రిట్టా రాసిపడేసింది. "ఎర్రచీటీ పేరు చెప్పి భయపెట్టే అబద్ధాలకోరు మన వీధిలో తిరుగుతున్నాడు. ఎవరి ఫర్నేస్ ఫొటోనో తెచ్చి మనదంటాడు. గ్యాస్ కట్టేయకపోయినా కట్టేశానంటాడు. నమ్మకండి. ముసలివాళ్లకు ముఖ్యంగా చెప్పండి."

క్లినిక్‌లో టీకా అయ్యాక పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఫోను తెరిస్తే జవాబులు కుప్పగా ఉన్నాయి. "బాగా బుద్ధి చెప్పావు", "మా అత్తగారికీ ఇలాగే జరిగింది", "వాడి పేరు రాయి, వాడి పని చెప్తాం". బ్రిట్టాకు చాలా రోజుల తర్వాత గుండె నిండా ఊపిరి ఆడినట్టయింది. నవ్వుకుంటూ చివరి జవాబు దగ్గరికి వచ్చింది. హిల్కా మామ్మది.

"మంచి పని చేశావు తల్లీ. ఆ వెధవ నా ఫర్నేస్‌నీ వదల్లేదు. ఇల్లింత చల్లబడిందేంటా అని కిందికెళ్లి చూస్తే గ్యాస్ కట్టేసి ఉంది, ఎర్రచీటీ వేలాడుతోంది. నువ్వు రాసింది చదివి ధైర్యం వచ్చింది. చీటీ చింపి పారేసి, మళ్లీ వెలిగించాను. ఇప్పుడు వెచ్చగా ఉంది. తలుపులన్నీ వేసుకుని కాసేపు పడుకుంటున్నా."

తుప్పుపట్టిన ఆ డబ్బా ఎవరిదో, మామ్మకు ఆ తలనొప్పి ఎందుకో బ్రిట్టాకు అప్పుడు తెలిసింది. మామ్మకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. 911 ఎమర్జెన్సీకి చెప్పింది. ఆ తర్వాత, ఏడుస్తున్న పిల్లాణ్ణి ఒంటిచేత్తో పట్టుకుని, అదే పేజీలో రాసింది.

"ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా సరే, బూట్లు కూడా తొడుక్కోకుండా పరుగెత్తండి. హిల్కా మామ్మ తలుపు తట్టండి. తియ్యకపోతే బద్దలు కొట్టండి."