పక్క మంచం ఆవిడ

"నేను సంతకం పెట్టను," అంది లెక్కల టీచరు, కాగితాన్ని నర్సు చేతికి తిరిగి ఇచ్చేస్తూ.

నర్సు అప్పటికి మూడోసారి చెప్పింది. "గడువు దాటి పది రోజులైందమ్మా. మందు పెట్టి నొప్పులు రప్పిద్దామన్నారు డాక్టరుగారు."

"పది కాదు, నాలుగు. మీ స్కానింగు లెక్కే తప్పు. నొప్పులు వాటంతటవే వస్తాయి."

పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి, తన లెక్క కూడా తప్పవచ్చునన్న సంగతి ఆమె ఎప్పుడో మర్చిపోయింది. అయినా పైకి లెక్కల గొడవే కాని, లోపల ఉన్నది భయం. మందు పెట్టి రప్పించే నొప్పులు ప్రాణం తోడేస్తాయని బడిలో ఎవరో అన్నారు. అది విన్నప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

భర్త బ్యాగును ఒకసారి భుజానికి తగిలించుకుంటున్నాడు, ఒకసారి దించుతున్నాడు. ఎవరి మాటకు తలూపినా తనకు చీవాట్లు తప్పవని ఆయనకు తెలుసు.

"వెళ్లకు చెల్లీ."

మాట పక్క మంచం మీంచి వచ్చింది. అక్కడ నిండు కడుపుతో ఒకావిడ, చేతికి సెలైనుతో, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పొద్దుటి నుంచి పలకరించినా పలకని మనిషి, ఉన్నట్టుండి లేచి కూర్చుంది.

"మీకూ మందు పెట్టారా?"

"పెట్టారు."

"ఎలా ఉంటుంది?" అడగకూడదనుకుంటూనే అడిగింది టీచరు.

"ముందు లోపల జెల్ పెడతారు. చల్లగా తగులుతుంది, అంతే. ఆ తర్వాత గంటల తరబడి ఏమీ జరగదు. విసుగొస్తుంది. లేచి నడువు. సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. అది చాలకపోతే సెలైన్లో మందు కలిపి చుక్క చుక్కగా ఎక్కిస్తారు. అప్పుడు నొప్పులు ఒకదాని వెనక ఒకటి తరుముకొస్తాయి. ఓర్చుకోలేకపోతే చెప్పు, తగ్గడానికి మందిస్తారు. నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకో. అన్నీ ముందే తలుచుకుని బెంగపడకు."

"ఇది మీకెన్నో కాన్పు?"

"మొదటిదే."

మొదటి కాన్పుకే ఇంత పాండిత్యమా! టీచరుకు ఒళ్లు మండింది. నర్సుకు వత్తాసు పలకడానికి అసలు ఈవిడెవరు?

"పదండి, రేపో ఎల్లుండో వద్దాం," అంది భర్తతో.

పక్క మంచం ఆవిడ కిందికి దిగింది. సెలైను స్టాండు ఈడ్చుకుంటూ వచ్చి దారికి అడ్డంగా నిలబడింది.

"రేపొద్దు. ఇవాళే."

"మీ బిడ్డ సంగతి మీరు చూసుకోండి! నా బిడ్డ సంగతి మీకెందుకు?"

నర్సు మొహం ఎర్రబడింది, ఏదో అనబోయింది. పక్క మంచం ఆవిడ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"సరే, ఇంక నేనేమీ అనను. బిడ్డ గుండె చప్పుడు ఒక్క అరగంట చూపించుకుని వెళ్లు. బాగుంటే నేనే లిఫ్టు దాకా దిగబెడతాను."

ఈవిడ నోరు మూయించడానికైనా సరేననుకుని టీచరు పడుకుంది. నర్సు పొట్టకు బెల్టు కట్టింది. మిషన్లోంచి బిడ్డ గుండె చప్పుడు గబగబా వినిపించింది.

పక్క మంచం ఆవిడ కాసేపు నిలబడి వింది. తర్వాత వెళ్లి పడుకుని చెవుల మీదికి దుప్పటి లాక్కుంది.

'మా బిడ్డ చప్పుడు కూడా గిట్టదు కాబోలు,' అనుకుంది టీచరు.

ఇరవయ్యో నిమిషంలో ఆ చప్పుడు నెమ్మదించింది. మళ్లీ అందుకుంది. మళ్లీ నెమ్మదించింది. నర్సు పరుగున వెళ్లి డాక్టరును తీసుకొచ్చింది.

డాక్టరు స్కానింగు చేసి చూసింది. "ఉమ్మనీరు బాగా తగ్గిపోయింది. ఇంటి మాట మరిచిపోండి."

టీచరు కాగితం అడిగి తీసుకుని సంతకం పెట్టింది.

ఆ తర్వాత అంతా ఆవిడ చెప్పినట్టే జరిగింది. జెల్ చల్లగా తగిలింది. గంటల తరబడి విసుగొచ్చింది. బెల్టు తీసినప్పుడల్లా భర్త చెయ్యి పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగింది. చెప్పిన వేళకే నడుం పట్టేసింది.

అంతకుముందే, మధ్యాహ్నం, పక్క మంచం ఆవిడను కాన్పు గదిలోకి తీసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ, "ఊపిరి మర్చిపోకు చెల్లీ," అంది. టీచరు కొంత సిగ్గుతో, కొంత బింకంతో మొహం తిప్పుకుంది.

తెల్లవారేసరికి పాప పుట్టింది. పుట్టగానే ఊరంతా వినబడేలా ఏడ్చింది.

"ఇంకొక్క రోజు ఆగి ఉంటే ఈ పాప మనకు దక్కేది కాదు," అంది డాక్టరు.

టీచరు పాపను గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. గదికి తీసుకొస్తున్నప్పుడు భర్తతో, "ఏమండీ, ముందు ఆవిడ చేతిలో పెట్టాలి దీన్ని. చేతులు పట్టుకుని క్షమించమని అడగాలి. ఎంత మాట అన్నాను!" అంది.

పక్క మంచం ఖాళీగా ఉంది. నర్సు దుప్పటి మారుస్తోంది.

"ఆవిడ ఏరి సిస్టర్?"

"పొద్దున్నే ఇంటికి వెళ్లిపోయింది."

"అప్పుడే పంపించేశారా? ఎవరు పుట్టారు?"

"బాబు."

"ఒక్క మాట చెప్పి వెళ్లకూడదూ! నా మీద కోపం వచ్చుంటుంది."

నర్సు దుప్పటి వదిలేసి టీచరు పక్కన కూర్చుంది.

"కోపం కాదమ్మా. మీకు నిన్ననే చెప్పబోయాను. కడుపుతో ఉన్న పిల్ల బెదిరిపోతుందని తనే వద్దంది."

"ఏం చెప్పబోయారు?"

"పోయిన వారం ఆవిడ కూడా మీలాగే సంతకం పెట్టకుండా ఇంటికి వెళ్లిపోయిందమ్మా, తిరిగి వచ్చేసరికి కడుపులో బిడ్డ గుండె ఆగిపోయింది."