ఏటి బాప్తిస్మం

నీళ్లు మంచివో కావో చెప్పే పట్టీలు అందరి చేతులకూ వచ్చాక ఏటిలో బాప్తిస్మాలు ఆగిపోయాయి. ఏటిలో వేలు ముంచితే చాలు, పట్టీ ఎర్రబడేది. ఏలియా పాస్టరు చర్చిలోనే తొట్టి కట్టించి శుద్ధి చేసిన నీళ్లు నింపాడు.

డెబ్బయ్యేళ్ల దీవెనమ్మ మాత్రం తన బాప్తిస్మం రోజున తెల్లచీర కట్టుకుని తిన్నగా రేవుకే నడిచింది. పాస్టరు వెంటబడ్డాడు.

"తొట్టి సిద్ధంగా ఉంది, రామ్మా."

"మన మురికంతా దీనికొదిలేసి నేనొక్కదాన్నే శుభ్రంగా పైకి పోతే, ఏరెట్టా ఉందని దేవుడు అడగడా అయ్యగారూ?"

ఆమె నడుంలోతు దిగి, బురదలో కూరుకుపోయిన ప్లాస్టిక్ సంచిని లాగింది. రాలేదు. ఊపిరి బిగబట్టి నిలువునా మునిగి, దాన్ని పెకలించుకుని లేచింది. చీర నల్లబడింది. పట్టీ ఎర్రగా మెరుస్తోంది.

పాస్టరు తన పట్టీ విప్పి జేబులో వేసుకుని నీళ్లలోకి దిగాడు. మురుగు కారుతున్న ఆ తలమీద చెయ్యి పెట్టి బాప్తిస్మపు మాటలు పలికాడు. తరువాత, రెండో సంచి కోసం తానూ మునిగాడు.